నాణెం మీది గోధుమ కంకి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే దారిలో ఉన్నాయి. రోమన్ కంచు నాణేల బొరుసు వైపు కనిపించే కొలపాత్ర, గోధుమ కంకులు, ఓడ, కొమ్ము పట్టుకున్న దేవత ఏమిటని చాలామంది అడిగారు. ఇవన్నీ రోమ్ నగరానికి చేరే ధాన్యం గురించిన బొమ్మలే కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బొటనవేలి గోరంత రాగి నాణెం ఒకటి నా దగ్గరుంది. ఒకవైపు మూడు కాళ్ల గిన్నె, ఇంకోవైపు పెద్ద అక్షరాలు రెండు. రాజు ముఖం ఎక్కడా లేదు. ఇది రోమన్ నాణెమేనా?

జవాబు: రోమన్‌దే. క్లాడియస్ చక్రవర్తి కొట్టించిన క్వాడ్రన్స్ అనే అతి చిన్న నాణెం అది. బరువు 3 గ్రాములకు అటూ ఇటూ, వెడల్పు 17 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే అనుమానమే అక్కర్లేదు. మీరు గిన్నె అంటున్నది మోడియస్, అంటే ధాన్యం కొలిచే కుంచం. రెండు పెద్ద అక్షరాలు ఎస్, సి. సెనేట్ తీర్మానం ప్రకారం అన్న మాటలకు అవి పొడి అక్షరాలు. చక్రవర్తి ముఖం లేకపోయినా పేరుంది. కుంచం చుట్టూ తిరిగే అక్షరాలు క్లాడియస్ పేరే.

ఏడాది కూడా తేల్చవచ్చు. ఎస్, సి అక్షరాల చుట్టూ ఉన్న రాత చివర చూడండి. రెండోసారి కాన్సుల్‌గా (రోమ్‌లో ఏడాదికి ఎన్నుకునే అత్యున్నత అధికారి) ఎంపికయ్యాడన్న అర్థంలో 'కాస్ డెస్ ఇట్' అని ఉంటే క్రీ.శ. 41. 'కాస్' తర్వాత రెండు నిలువు గీతలు మాత్రమే ఉంటే 42.

ఆ 41వ సంవత్సరమే ఈ నాణేనికి ప్రాణం. ఆ ఏడు జనవరిలో అంతకుముందు చక్రవర్తి కాలిగులా హత్య జరిగే నాటికి నగరంలో ఏడెనిమిది రోజులకు సరిపడా తిండే మిగిలిందని ఆ కాలపు రచయిత సెనెకా రాశాడు. అలాంటి నగరానికి కొత్త పాలకుడైన క్లాడియస్ అందరి చేతుల్లో ఆడే అతి చిన్న చిల్లర మీద తన ముఖం బదులు కుంచం వేయించాడు. రోమన్ నాణేల్లో ఇంత సూటిగా మాట్లాడేది మరొకటి లేదని మా అభిప్రాయం.

బొమ్మను భూతద్దంలో చూస్తే నిలువు గోడలు, అడుగున మూడు పొట్టి కాళ్లు, పైన దళసరి అంచు కనబడతాయి. ఆ అంచు అలంకారం కాదు. గింజలు పోసి, పైన పొంగిన భాగాన్ని ఒక కర్రతో అంచు వెంబడి గీసేస్తే తప్ప కొలత ఖాయం కాదు. రోమ్‌కు సముద్రపు రేవైన ఆస్టియాలో కొలగాళ్ల సంఘం హాలు నేల మీద ఇదే దృశ్యం మొజాయిక్‌గా ఉంది. పక్కన కుంచం, ఒకరి చేతిలో గీసే కర్ర, మూపున బస్తా మోస్తున్న మనిషి. నాణెం మీద వేలెడంత కూడా లేని కుంచం వెనకున్న పనంతా ఆ నేల మీద పరిచి ఉంది.

ప్రశ్న: మోడియస్ అంటే మన లెక్కలో ఎంత? క్లాడియస్ నాణెం ఒకటి ఇస్తే ఎన్ని గోధుమలు వచ్చేవి?

జవాబు: ఒక మోడియస్ అంటే 16 సెక్స్‌టారియస్‌లు, సుమారు 8.7 లీటర్లు. గోధుమలైతే 6.7 కిలోల దగ్గర తూగుతుంది. నగరంలో ఉచిత ధాన్యానికి పేరు నమోదైన పౌరుడికి నెలకు 5 మోడియస్‌లు, అంటే 33 కిలోల పైచిలుకు. ఆ జాబితాలో 3,20,000 మంది ఉంటే క్రీ.పూ. 46లో జూలియస్ సీజర్ 1,50,000కు తగ్గించాడు. ఆగస్టస్ కాలంలో అది రెండు లక్షల దగ్గర నిలబడింది.

ధర విషయానికి వస్తే, క్రీ.శ. 64 జులైలో రోమ్ తగలబడ్డాక నీరో ధాన్యం ధరను మోడియస్‌కు 3 సెస్టెర్షియస్‌లకు దించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. సెస్టెర్షియస్ అంటే పెద్ద ఇత్తడి నాణెం, ఒక్కోదానికి 16 క్వాడ్రన్స్‌లు. అంటే మోడియస్‌కు 48. ఆ దించిన ధర ప్రకారం మీ కుంచం నాణెం ఒకటి ఇస్తే 140 గ్రాముల గోధుమలు వస్తాయి, రెండు గుప్పిళ్లు. ఇది మామూలు రోజుల బజారు ధర కాదు, ఆపద్ధర్మంగా తగ్గించిన ధర అని గుర్తుంచుకోండి.

కొలపాత్రల్లో తేడాలు ఉండేవా అంటే ఉండేవి. బ్రిటన్‌లో హేడ్రియన్ గోడ వెంట ఉన్న కార్వరన్ కోట దగ్గర 1915లో ఒక కంచు కొలపాత్ర దొరికింది. దాని మీద డొమీషియన్ చక్రవర్తి పేరు చెక్కి, తర్వాత ఉలితో చెరిపేశారు. 17½ సెక్స్‌టారియస్‌లు పడుతుందని రాసి ఉంది. కొలిచి చూస్తే అంతకన్నా ఎక్కువే పడుతోంది.

ప్రశ్న: నీరో పెద్ద నాణెం మీద ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా ఉన్నారు. ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి. ఇద్దరిలో ఎవరు సెరెస్, ఎవరు అన్నోనా?

జవాబు: కూర్చున్నది సెరెస్, నిలబడ్డది అన్నోనా. నాణెం చుట్టూ 'అన్నోనా ఆగుస్తీ సెరెస్' అని పేర్లు రాసే ఉంటాయి. అయితే అరిగిన నాణెం మీద అక్షరాలే ముందు పోతాయి కాబట్టి బొమ్మతోనే గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

సెరెస్ పంట దేవత. తల మీద మేలిముసుగు, ఒక చేతిలో కంకులు, ఇంకో చేతిలో పొడవాటి కాగడా. పాతాళానికి పోయిన కూతురిని వెతుక్కుంటూ తిరిగిన తల్లి కాబట్టి ఆ కాగడా. అన్నోనాకు ఇలాంటి కథ లేదు. అన్నోనా అంటే ఆ ఏటి పంట, ఆ ఏటి ధాన్యం సరఫరా అని అర్థం. ఆ పాలనా వ్యవహారానికే ఒక ఆడమనిషి రూపం కల్పించారు. ఆమె చేతిలో పళ్లూ కంకులూ నిండిన సమృద్ధి కొమ్ము ఉంటుంది. ఇద్దరి మధ్య దండలు చుట్టిన బలిపీఠం, దాని మీద కుంచం. అన్నోనా వెనక నుంచి ఓడ వెనక కొస తొంగి చూస్తుంది.

ఈ అమరికలోనే విషయమంతా ఉంది. పండించేది సెరెస్, చేరవేసేది అన్నోనా. పొలానికీ నగరానికీ మధ్య ఓడ, కుంచం. ఒక్క సెస్టెర్షియస్ మీద 35 మిల్లీమీటర్ల చోటులో సముద్రం దాటే సరఫరా గొలుసును ఇమిడ్చిన ఆ చెక్కుడుపనివాడి తెలివికి దండం పెట్టాలి.

ఇదే నాణెం రెండు టంకశాలల్లో తయారైంది, ఒకటి రోమ్‌లో, ఒకటి గాల్‌లోని (నేటి ఫ్రాన్స్) లుగ్డునమ్‌లో. తేడా కనిపెట్టడానికి నీరో ముఖం ఉన్న వైపు తిప్పండి. నీరో మెడ కింది మొనకు చిన్న గోళం అంటుకుని ఉంటే లుగ్డునమ్. లేకపోతే రోమ్.

ప్రశ్న: నా దగ్గరున్న నాణేల మీద అక్షరాలు పూర్తిగా పోయాయి. నిలబడ్డ దేవత ఆకారం మాత్రం మిగిలింది. కొమ్ము పట్టుకున్న ప్రతి బొమ్మా అన్నోనాయేనా?

జవాబు: కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. సమృద్ధి కొమ్ము అన్నది రోమన్ టంకశాలలో ఎవరి చేతికైనా ఇచ్చే వస్తువు. అందుకే కొమ్మును పక్కనపెట్టి, రెండో చేతినీ పాదాల దగ్గరి చోటునీ చూడాలి.

రెండో చేతిలో త్రాసు ఉంటే ఈక్విటాస్ (న్యాయం) లేదా మొనేటా (టంకశాల దేవత). చుక్కాని ఉంటే ఫార్చూనా (అదృష్ట దేవత). అయితే అన్నోనా కూడా అప్పుడప్పుడు చుక్కాని పట్టుకుంటుంది, అప్పుడు పాదాల దగ్గర కుంచమే తీర్పు చెప్పాలి. కొమ్మును బోర్లించి పళ్లు ఒలకబోస్తుంటే అబండాన్షియా (సమృద్ధి). కొమ్మే లేకుండా ఒక చేతిలో కంకులు, ఇంకో చేతిలో పళ్లపళ్లెం ఉంటే ఫీడెస్ పూబ్లికా, అంటే ప్రజల నమ్మకం. కంకులు కనబడ్డాయి కదా అని దీన్ని అన్నోనా కింద వేసేవాళ్లు ఎక్కువ. బలిపాత్ర, కంకులు పట్టుకున్న యువకుడైతే బోనుస్ ఎవెంటుస్, అంటే మంచి ఫలితం. ట్రాజన్ నాణేల్లో దేవత పక్కన చిన్న పిల్లవాడు కనిపిస్తే అది ఇటలీ పిల్లల పోషణ పథకానికి చెందినది కావచ్చు. నగర ధాన్యానికి దానితో నేరుగా సంబంధం లేదు.

పాదాల దగ్గర కుంచం, వెనక ఓడ ముక్క ఉంటే మాత్రం అది అన్నోనా అని నిశ్చింతగా రాసుకోవచ్చు. ఈ అమరికకు టైటస్ నాణేలు, ఆంటొనైనస్ పయస్ నాణేలు మంచి ఉదాహరణలు. టైటస్ నాణెం మీద అన్నోనా చేతిలో చిన్న ఈక్విటాస్ ప్రతిమ ఉంటుంది, అంటే పంపకం న్యాయంగా జరుగుతుందని. డొమీషియన్ నాణేల్లో ఆమె కూర్చుని ఒళ్లో కంకుల సంచి తెరిచి పట్టుకుంటుంది.

అరిగిన నాణెం చదవడానికి నేరుగా పైనుంచి లైటు వేయకండి. గది చీకటి చేసి, నాణేన్ని బల్ల మీద పెట్టి, ఒకే లైటును బల్లకు దాదాపు ఆనించినంత కిందనుంచి, 15 నుంచి 20 డిగ్రీల వాలులో పడేలా పెట్టండి. నాణేన్ని గడియారం ముల్లులా కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగు దిక్కుల నుంచీ ఫొటో తీయండి. ఒక ఫొటోలో కనపడని కుంచం అంచు ఇంకో ఫొటోలో నీడగా పైకి తేలుతుంది. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దవద్దు, ఎత్తయిన చోట పాటినా (లోహం మీద కాలక్రమేణా ఏర్పడిన పొర) పాడవుతుంది.

ప్రశ్న: ఓడ మొత్తం వేయకుండా వెనక కొస మాత్రమే ఎందుకు వేస్తారు?

జవాబు: చోటు చాలక కొంత, గుర్తు కోసం కొంత. ఓడ వెనక కొస పైకి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి నిలబడ్డ మనిషి పక్కన చక్కగా ఒదుగుతుంది. మొనదేలి కిందికి వంగి, నీటి మట్టంలో శత్రువు ఓడను గుద్దే కొమ్ములాంటిది ఉంటే అది ముందు కొస. రిపబ్లిక్ కాలపు కంచు నాణేల బొరుసు మీద ఎప్పుడూ ఉండేది ఆ ముందు కొసే, దానికీ ధాన్యానికీ సంబంధం లేదు. ఒక మినహాయింపు ఉంది. కార్తేజ్‌తో జరిగిన రెండో ప్యూనిక్ యుద్ధ కాలంలో సిసిలీలో కొట్టిన కొన్నిటి మీద ఆ ముందు కొస పైన చిన్న గోధుమ కంకి కనిపిస్తుంది. అది ఆ వరస నాణేల గుర్తు.

ధాన్యం ఓడ మొత్తాన్ని చూడాలంటే కొమ్మొడస్ సెస్టెర్షియస్ చూడండి. క్రీ.శ. 186 నాటిది, తెరచాప ఎత్తి సాగిపోతున్న ఓడ, చుట్టూ చక్రవర్తి ముందుచూపు అని రాత. ఈజిప్టు ధాన్యం తప్పిపోతే ఆదుకోవడానికి ఆఫ్రికా నుంచి వేరే ఓడల దళం ఏర్పాటు చేశాడని అతని చరిత్ర చెబుతుంది. ముందుచూపు ఎంత ఉన్నా 190లో రోమ్‌లో తిండి కొరతకు జనం తిరగబడ్డారు, అతని అనుచరుడు క్లియాండర్ ప్రాణాలు పోయాయి.

ప్రశ్న: నాణెం మీద సమృద్ధి ఉందంటే ఆ ఏడు పంట బాగా పండిందనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. మాకు తెలిసి చాలాసార్లు అసలు సంగతి దీనికి ఎదురే.

నీరో కాలమే తీసుకోండి. క్రీ.శ. 62లో రేవులో నిలిచిన ధాన్యం ఓడలు సుమారు 200 తుఫానుకు మునిగాయి. టైబర్ నదిలోకి వచ్చేసిన మరో వంద ఓడలు అగ్నికి ఆహుతయ్యాయి. జనం బెదిరిపోకుండా ఉండాలని నీరో పాతబడి చెడిన గోధుమలను నదిలో పారబోయించాడు, ధర పెంచనివ్వలేదు. రెండేళ్లకు మహా అగ్నిప్రమాదం. సెరెస్, అన్నోనా కలిసిన నాణెం, ఆస్టియా రేవు నాణెం, రెండూ ఆ 64వ సంవత్సరం ప్రాంతంలోనే మొదలయ్యాయి. కడుపు నిండిన నగరానికి కుంచం బొమ్మ చూపించి ధైర్యం చెప్పాల్సిన అవసరం ఏముంటుంది?

క్లాడియస్‌కు కూడా అంతే. కుంచం నాణెం కొట్టించిన పదేళ్లకు, 51లో, నగరంలో 15 రోజుల తిండే మిగిలింది. నగర కూడలి ఫోరంలో జనం అతన్ని చుట్టుముట్టి తిట్టి, ఎండు రొట్టెముక్కలు విసిరారు. అతను ఆ తర్వాత చేసిన పనులు నాణేలకన్నా గట్టివి. శీతాకాలంలో ఓడ నడిపే వర్తకుడికి తుఫాను నష్టం ఖజానా భరిస్తుందన్నాడు. కనీసం 10,000 మోడియస్‌లు పట్టే ఓడ కట్టి, ఆరేళ్లపాటు రోమ్‌కు ధాన్యం తెచ్చిన లాటిన్ హక్కులవాడికి (పూర్తి పౌరుడు కాని, కొన్ని హక్కులు మాత్రమే ఉన్నవాడికి) రోమన్ పౌరసత్వం ఇస్తానన్నాడు. పది వేల మోడియస్‌లంటే 67 టన్నుల సరుకు. ఆస్టియాకు ఉత్తరాన కొత్త రేవు పని 42లోనే మొదలుపెట్టించాడు. దాన్ని నాణెం మీద వేసుకున్నది మాత్రం నీరో.

నెర్వా 97లో కొట్టించిన సెస్టెర్షియస్ మరీ స్పష్టం. దేవత లేదు, ఓడ లేదు. పెద్ద కుంచం, అందులోంచి పైకి లేచిన కంకులు, మధ్యలో గసగసాల కాయ. చుట్టూ 'నగర సామాన్య ప్రజలకు ధాన్యం ఏర్పాటైంది' అన్న అర్థం వచ్చే లాటిన్ మాటలు. ఇలాంటి నాణేన్ని పంట నివేదికలా చదవకండి. ఇది పాలకుడు జనానికి ఇచ్చిన మాట. ఆ మాట ఎప్పుడు ఇవ్వాల్సి వచ్చిందో వెతికితే చరిత్ర దొరుకుతుంది.

ప్రశ్న: గ్రీకు అక్షరాలున్న పెద్ద కంచు నాణెం మీద గడ్డం మనిషి పడుకుని ఉన్నాడు. పక్కన మొసలి. పైన రెండు అక్షరాలు. ఇది ఏ దేశానిది?

జవాబు: రోమన్ పాలనలోని అలెగ్జాండ్రియాది. గడ్డం మనిషి నైలు నది. ఈజిప్టులో రోమ్ వేరే నాణేల పద్ధతి నడిపింది, అక్కడి నాణెం బయట చెల్లదు, బయటిది అక్కడ చెల్లదు. మీది 33 నుంచి 35 మిల్లీమీటర్ల వెడల్పు, 20 గ్రాముల పైన బరువు ఉంటే కంచు డ్రాక్మా.

ఆ రెండు అక్షరాలు అయోటా, స్టిగ్మా అయితే అవి 16 అంకె. నైలు వరద 16 మూరల ఎత్తుకు లేవాలని కోరిక. రోమన్ రచయిత ప్లినీ ఒక వరస చెప్పాడు: 12 మూరలైతే ఆకలి, 13 అయితే కొరత, 14 అయితే ఉల్లాసం, 15 అయితే నిశ్చింత, 16 అయితే ఆనందం. ఆ ఆనందపు అంకెనే నది తల దగ్గర చెక్కారు. రోమ్ రొట్టెకు మూలం ఈ వరదే కాబట్టి, రోమ్‌లో కొట్టిన అన్నోనా నాణేలను అలెగ్జాండ్రియా నాణేల పక్కన పెట్టి చూడాలని మా సలహా. గొలుసు రెండు కొసలూ ఒకేసారి చేతికొస్తాయి. ఆంటొనైనస్ పయస్ కాలపు డ్రాక్మా ఒకదాని మీద నైలు, టైబర్ రెండు నదులూ మనుషుల రూపంలో చేతులు కలుపుతాయి.

ఒక హెచ్చరిక. అలెగ్జాండ్రియా నాణేల మీద ఎల్ ఆకారపు గుర్తు తర్వాత వచ్చే అక్షరాలు పాలనా సంవత్సరం. దాన్ని 16 అంకెతో కలిపి చదివి తేదీ తప్పు రాస్తుంటారు. ఇంకొకటి, అక్కడ కొత్త సంవత్సరం ఆగస్టు 29న మొదలవుతుంది. జులైలో గద్దెనెక్కినవాడికి రెండు నెలలు తిరక్కుండానే రెండో సంవత్సరం వచ్చేస్తుంది. సెరాపిస్ దేవుడి తల మీద టోపీలా కనిపించేది కూడా ధాన్యం కుంచమే.

ప్రశ్న: వీటిని కంచు నాణేలు అంటున్నారు కానీ నాది పసుపుగా మెరుస్తోంది. దొంగదా?

జవాబు: పసుపు రంగు దోషం కాదు. ఆగస్టస్ క్రీ.పూ. 23 ప్రాంతంలో చేసిన మార్పుల నుంచి సెస్టెర్షియస్, దానిలో సగం విలువైన డుపాండియస్ రెండూ ఇత్తడివి, ఆస్ (డుపాండియస్‌లో సగం), క్వాడ్రన్స్ రాగివి. కంచు అనడం వాడుక మాత్రమే. నీరో కొంతకాలం చిన్నవాటిని కూడా ఇత్తడితో కొట్టించాడు. లోహం రంగు చూద్దామని అంచున గీకవద్దు.

ప్రశ్న: నా డుపాండియస్ మీద లేత ఆకుపచ్చ పొడి వస్తోంది. తుడిస్తే పోతుంది, వారానికి మళ్లీ వస్తుంది. ఏం చేయాలి?

జవాబు: వెంటనే మిగతా నాణేలనుంచి వేరు చేయండి. ఇది మామూలు చిలుము కాదు, కంచు జబ్బు అంటారు. మామూలు పాటినా గట్టిగా, నున్నగా ఉంటుంది, గోటితో రాలదు. జబ్బు మాత్రం లేత రంగు పొడిలా, చిన్న గుంటల్లో పుట్టి, రాలి, మళ్లీ వస్తుంది. మట్టిలోని ఉప్పు వల్ల లోహం లోపల రాగి క్లోరైడ్ చేరుతుంది. గాలిలో తేమ 42 నుంచి 46 శాతం దాటితే అది తేమతో, ఆక్సిజన్‌తో కలిసి పొడిగా మారి, ఆమ్లం విడుదల చేసి, ఆ ఆమ్లం మళ్లీ రాగిని తింటుంది. అందుకే తుడిస్తే ఆగదు.

చేయాల్సింది ఇది. భూతద్దం కింద పెట్టుకుని, వెదురు పుల్లతో గుంటల్లోని పొడిని ఓపికగా తీయండి. లోహపు సూది వాడితే గీతలు పడతాయి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు రోజూ మారుస్తూ ఉండండి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోనే క్లోరైడ్ ఉంటుంది. మార్చిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మసకబారుతున్నంత కాలం ఉప్పు ఇంకా వస్తోందని అర్థం. వారాలు పట్టవచ్చు. నీళ్లు తేటగా నిలిచాక అసిటోన్‌లో ముంచి తీస్తే తేమ పోతుంది. ఆపైన ఆల్కహాల్‌లో 3 శాతం బెంజోట్రయాజోల్ (రాగిని కాపాడే రసాయనం) కలిపి 24 గంటలు ఉంచుతారు. ఇది ఒంటికి మంచిది కాదు, చేతులకు తొడుగులు, గాలి బాగా ఆడే చోటు తప్పనిసరి. ఆ సదుపాయం లేకపోతే నాణేల సంరక్షణ తెలిసినవారికి అప్పగించండి. చివర్లో పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం.

ఎక్కడ చెడుతుందంటే, పూర్తిగా ఆరకముందే మైనం పూయడం దగ్గర. తేమ, ఉప్పు లోపలే బందీ అయి, ఆర్నెల్లకు మైనం కిందే జబ్బు తిరగబెడుతుంది. వెనిగర్, నిమ్మరసం అసలు వాడకండి. ఇత్తడిలోని జింక్ కరిగిపోయి, నాణెం గులాబీ రంగు రాగి మచ్చలతో బయటికొస్తుంది, దానికి తిరుగు లేదు. ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టే పాత పద్ధతి కూడా వద్దు, నూనెలోని ఆమ్లం మెల్లగా పాటినాను తింటుంది, ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది. సోడియం సెస్క్వికార్బొనేట్ 5 శాతం ద్రావణం పనిచేస్తుంది కానీ పాటినా రంగు మారుస్తుంది. మంచి పాటినా ఉన్న సెస్టెర్షియస్‌కు మేము సిఫారసు చేయం.

ఆ తర్వాత నాణెం ఉండే చోటు తేమ 40 శాతం దాటకూడదు. గాలి చొరని డబ్బా, సిలికా జెల్, లోపల చిన్న తేమ మీటరు చాలు. జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టాలి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, అవి కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగట వదులుతాయి. ఓక్ చెక్క అరలు కూడా వద్దు, అవి ఆమ్లపు ఆవిరి విడుదల చేస్తాయి.

ప్రశ్న: నీరో రేవు నాణెం అమ్మకానికి వచ్చింది. ఓడలు, తాళ్లు, చుక్కానులు అన్నీ అద్దంలా కనిపిస్తున్నాయి. కొనవచ్చా?

జవాబు: అద్దంలా కనిపించడమే మొదటి అనుమానం. ఈ నాణేన్ని అందరూ కోరుకుంటారు కాబట్టి, అరిగిన అసలు నాణెం మీద ఉలితో మళ్లీ వివరాలు చెక్కి అమ్మడం ఎక్కువ. పూర్తి నకిలీకన్నా ఇది ప్రమాదకరం, ఎందుకంటే లోహం, బరువు, అంచు అన్నీ నిజమైనవే.

పది రెట్లు పెంచే భూతద్దంతో ఓడల అంచులు చూడండి. అచ్చు కొట్టినప్పుడు లోహం గుంటల్లోకి ఒత్తుకుపోతుంది కాబట్టి గీతల అంచులు గుండ్రంగా, చుట్టూ ఉన్న ఖాళీ చోటుకు మెల్లగా దిగుతాయి. ఉలి గీత అడుగు వి ఆకారంలో పదునుగా ఉంటుంది, పాటినాను కోసుకుంటూ పోతుంది, గీత లోపలి రంగు వేరుగా ఉంటుంది. సెరెస్ చేతి కంకుల్లోనైతే ఇంకా తేలిక. అసలు అచ్చులో కంకి అంటే నడుమ ఒక కాడ, అటూ ఇటూ ఉబ్బిన చుక్కలు, పైన మీసాలు. తిరగచెక్కినవాడు చుక్కలను చేపముల్లులా గీతలు చేసేస్తాడు. అక్షరాల మధ్య ఖాళీ స్థలం అంతా ఒకే దిశలో సన్నటి గీకుళ్లతో చదునుగా ఉండి, అక్షరాలు దీవుల్లా నిలబడితే ఆ చోటును అరగదీశారని అర్థం.

పోత పోసిన నకిలీకి గుర్తులు వేరు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత లేదా దాన్ని రాకిన జాడ, ఉపరితలం మీద సూదిమొన గుంటలు, సబ్బు అరిగినట్టుండే అక్షరాలు. రెండు నాణేల మీద ఒకే దెబ్బ, ఒకే చోట, ఒకే ఆకారంలో కనబడితే రెండూ ఒకే మూలంనుంచి పోసినవే. దెబ్బ అన్నది నాణెం బయటికొచ్చాక తగిలేది, అచ్చులో ఉండదు.

సాంద్రత పరీక్ష కూడా చేయవచ్చు. దారంతో నాణేన్ని నీటిలో వేలాడదీసి తూచండి. గాలిలో 26 గ్రాములు ఉండి, నీటిలో బరువు 3.05 గ్రాములు తగ్గితే సాంద్రత 8.5, ఇత్తడికి సరిపోతుంది. 7 దగ్గర వస్తే పారేయండి. 8.5 వచ్చినంత మాత్రాన నిజమైనదని కాదు, ఇత్తడి పోత కూడా అంతే చూపిస్తుంది.

పాడువా నగరానికి చెందిన జొవాన్ని దా కవీనో 16వ శతాబ్దంలో రోమన్ సెస్టెర్షియస్‌లను అనుకరించి చేసిన పతకాలు చాలా అందంగా ఉంటాయి, నీరో రేవు కూడా వాటిలో ఉంది. పలుచటి చక్కటి గుండ్రం, సమానంగా పరిచిన అక్షరాలు చూస్తే అతని పనో, దాని మీద పోత పోసినదో అనుకోండి. అవి కూడా సేకరించదగ్గవే, అయితే ఆ పేరుతో, ఆ ధరకు.

ఓడల లెక్క అచ్చు అచ్చుకూ మారుతుంది కాబట్టి, ఒకటో రెండో ఓడలు తక్కువున్నాయని మాత్రం తిరస్కరించవద్దు. చూడాల్సింది రేవు కింద పడుకున్న దేవుడి చేతిలో చుక్కాని, పక్కన డాల్ఫిన్ ఉన్నాయా అన్నది.

ప్రశ్న: కవరు మీద ఏం రాసి పెట్టుకోవాలి?

జవాబు: బరువు గ్రాములో నూరోవంతు దాకా, వెడల్పు మిల్లీమీటర్లలో, ముఖానికీ బొరుసుకూ మధ్య కోణం గడియారం అంకెతో (తలకిందులుగా ఉంటే 6), టంకశాల, ఏడాది, ఎప్పుడు ఎక్కడినుంచి కొన్నారు, పాత యజమానుల కాగితాలు. 1970కి ముందే సేకరణలో ఉన్నట్టు పత్రం ఉంటే దాన్ని నాణెంతోపాటే ఉంచండి. బొరుసు వివరణలో పేరుకన్నా ముందు వస్తువులు రాయండి: "కుడిచేతిలో కంకులు 2, ఎడమచేతిలో కొమ్ము, ఎడమ పాదం దగ్గర కుంచం, వెనక ఓడ". అన్నోనా అన్న పేరు పెన్సిల్‌తో రాయండి. మరింత తేటగా ఉన్న అదే అచ్చు నాణెం ఎదురైన రోజున ఆ పేరు మార్చాల్సి రావచ్చు, వస్తువుల జాబితా మారదు.